‘గురించి’ దాటి: దేవుణ్ణి ఎరగడం

(ఉపదేశి గారి స్మారకోపన్యాసం)

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆయనను మనలో ఎవరమూ పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఆయన ఉపదేశి గారే. ఈ పల్నాటి పల్లెలకు గురువుగారు నెలకో రెండు నెలలకో ఒకసారి పూజకు వచ్చే రోజుల్లో మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడిపింది ఆయన. వేపచెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టి జ్ఞానోపదేశం వల్లె వేయించింది ఆయన. ప్రాణం పోతున్న మనిషి మంచం పక్కన కూర్చుని చెవిలో యేసు నామం చెప్పింది ఆయన. ఒక పాత సైకిలు, ఒక చేతిసంచి, సంచిలో జపమాల, ఎర్ర అట్ట చిట్టా పుస్తకం. ఇవే ఆయన ఆస్తి.

ఆ చిట్టాలో ఇంటింటి సంగతీ రాసి ఉండేది. ఎవరి బిడ్డకు జ్ఞానస్నానం కావాలి, ఎవరి పెళ్ళి కట్నం దగ్గర ఆగిపోయింది, ఎవరి గేదె చచ్చిపోయింది, ఏ అన్నదమ్ములకు గెట్టు తగాదాతో మాటల్లేవు, ఇవన్నీ. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వారం గుడి ఊడ్చే వంతు నాది. పొద్దుగూకే వేళ చీపురు పట్టుకుని లోపలికి వెళ్తే, దివ్యమందసం ముందు దీపం ఒక్కటే వెలుగుతోంది. ఉపదేశి గారు నేల మీద కూర్చుని ఆ చిట్టా విప్పి సన్నని గొంతుతో చదువుతున్నారు. జపం అనుకుని ఆగాను. జపం కాదు. “చివరింటి చంటిదానికి జ్వరం తగ్గలేదు. చెరువుకట్ట ఇంటాయన ఇవాళ కూడా నన్ను చూసి తలుపేసుకున్నాడు. నేనేం చేసేది? నీకు చెప్పాలిగా.”

‘నీకు’ అన్న ఆ మాట దగ్గర నా చేతిలో చీపురు ఆగిపోయింది. పొద్దున ఆయనే మాకు దేవుని గురించి ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టించారు. సాయంత్రం ఆ దేవుడితోనే ఊరి సంగతులు చెప్పుకుంటున్నారు. పొద్దుటి పాఠానికీ సాయంత్రపు మాటకూ మధ్య ఎంత దూరముందో, దాన్ని మనిషి ఎలా దాటుతాడో తెలుసుకోవాలనే నా జన్మంతా తిరిగాను. ఈ పూట నేను మీ ముందు పెట్టే విషయం అదే.

తెలియడంలో రెండు రకాలు

నేను తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అందుకని మాట దగ్గరే మొదలుపెడతాను. “కలెక్టరు గారి గురించి నాకు తెలుసు” అంటాం. “కలెక్టరు గారు నాకు తెలుసు” అని కూడా అంటాం. రెండో వాక్యంలో తగ్గింది ‘గురించి’ అనే ఒక్క మాట. కానీ ఆ వాక్యం అనగలిగినవాడు ఆ ఇంటి గడప తొక్కి ఉండాలి, ఎదురుపడితే ఆయన వీణ్ణి గుర్తుపట్టాలి. మొదటి రకం తెలివిడి పుస్తకంలో దొరుకుతుంది. రెండోది రాకపోకల్లోనే దొరుకుతుంది. దీనికే మన పెద్దలు ‘ఎరగడం’ అనే మాట వాడారు.

ఇంగ్లండుకు చెందిన కార్డినల్ జాన్ హెన్రీ న్యూమన్ 1870లో విశ్వాసం మీద ఒక గ్రంథం ప్రచురించారు. మనిషి ఒక సత్యానికి సమ్మతించడంలో రెండు తరహాలున్నాయని అందులో వివరించారు. ఒకటి, భావనకు తల ఊపడం. రెండోది, ఎదురుగా ఉన్న వాస్తవానికి మనసివ్వడం. దేవుడున్నాడని ఒప్పుకున్నవాడు మొదటి మెట్టు మీద జీవితాంతం నిలబడిపోవచ్చు. అతను చెప్పేదాంట్లో తప్పుండదు. అయినా అతని గుండె కదలదు.

పవిత్ర గ్రంథంలో యోబు కథ అందరికీ తెలిసిందే. ఆ కథను ఈ కోణం నుంచి ఒకసారి చదవండి. యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు అధ్యాయాల కొద్దీ దేవుని గురించి మాట్లాడతారు. దేవుడితో ఒక్క మాటయినా మాట్లాడరు. యోబు ఒక్కడే బూడిదలో కూర్చుని దేవుడి వైపు తిరిగి అడుగుతాడు, వాదిస్తాడు, నిలదీస్తాడు. చివరికి దేవుడు ఎవరి పక్షాన పలికాడు? ఆ పెద్దమనుషులు సరిగా మాట్లాడలేదనీ తన సేవకుడు యోబే సరిగా మాట్లాడాడనీ తీర్పు చెప్పాడు. అంతకుముందే యోబు, ఇన్నాళ్ళూ చెవితో విన్నవాణ్ణి ఇప్పుడు కంటితో చూశానన్న భావంతో మట్టిలో తలవంచాడు.

ఈ విషయంలో తెలుగు మనకు పెద్ద మేలు చేసింది. ఊరి పెద్దను ‘మీరు’ అంటాం. గురువుగారిని ‘మీరు’ అంటాం. అమ్మను ‘నువ్వు’ అంటాం. సృష్టికంతటికీ కర్త అయినవాణ్ణి ‘నీవు’ అంటాం! అందరికంటే పెద్దవాడికి అందరికంటే దగ్గరి పిలుపు. ఇది మన క్రైస్తవులకు మాత్రమే పరిమితం కాదు, ఈ నేల నడక ఇది. గోల్కొండ చెరసాలలోంచి రామదాసు తన రాముణ్ణి నిలదీసింది కూడా ‘నీవు’ అనే కదా. పూజలో మనం ఎన్నోసార్లు ‘నీ’ అనే అంటున్నాం. పెదవులు ఎప్పుడో దాటేసిన దూరాన్ని మనసు కూడా దాటడమే దేవుణ్ణి ఎరగడం.

అవిలాపురి తెరేజమ్మ

మన పల్లెల్లో తెరేజమ్మలు ఎందరో ఉన్నారు. ఆ పేరు మోసుకుంటూ తిరిగే మన అమ్మలకు, అక్కలకు ఆ పేరు వెనకున్న మనిషి కథ తెలియాలి.

స్పెయిన్ దేశంలోని అవిలా పట్టణంలో 1515 మార్చి 28న తెరేజమ్మ పుట్టింది. చిన్న వయసులోనే తల్లి చనిపోతే దేవమాత స్వరూపం ముందుకు వెళ్ళి, ఇక నువ్వే నాకు అమ్మవని ఏడ్చిన పిల్ల. 1535లో అవిలాలోనే కార్మెల్ సభవారి మఠంలో చేరింది. నాలుగేళ్ళు తిరక్కుండానే పెద్ద జబ్బు చేసింది. చనిపోయిందనుకుని గొయ్యి కూడా తవ్వించారు. బతికి లేచినా ఏళ్ళ తరబడి కాళ్ళూచేతులూ స్వాధీనంలో లేవు. కోలుకోవడం పునీత జోజప్పగారి చలవేనని ఆమె చివరిదాకా చెప్పుకుంది.

ఇక్కడిదాకా వింటే ఆమె దేవుణ్ణి ఎరిగిన మనిషేనని మనకు అనిపిస్తుంది. ఆమె తన గురించి అలా రాసుకోలేదు. మఠంలో చేరాక దాదాపు ఇరవై ఏళ్ళు తాను రెండు పడవల మీద కాళ్ళు పెట్టానన్న అర్థం వచ్చేలా తన జీవితకథలో రాసింది. మఠానికి వచ్చే బంధువులతో, పట్టణంలోని గొప్పింటివాళ్ళతో కబుర్లంటే ఇష్టం. ప్రార్థనకు కూర్చుంటే ఆ కబుర్లు గుర్తొస్తాయి. కబుర్లలో ఉంటే ప్రార్థన గుర్తొచ్చి గుచ్చుతుంది. ప్రార్థనకు పెట్టుకున్న గంటసేపు ఎప్పుడు ముగుస్తుందా, గడియారం ఎప్పుడు కొడుతుందా అని చెవులు రిక్కించి కూర్చునేదట. చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చోవడానికి ఏళ్ళ తరబడి భయపడింది. దివ్యసత్ప్రసాదం స్వీకరించిన వెంటనే ఉండే కాసేపు మాత్రమే ఆ భయం ఉండేది కాదు. ఒక దశలో ఏడాదికి పైగా మౌన ప్రార్థన మానేసింది. నాలాంటి పాపాత్మురాలికి దేవుడితో స్నేహమేమిటి, అందరిలా నోటితో జపాలు చెప్పుకుంటే చాలదా అనుకుంది. అది వినయం వేషం వేసుకుని వచ్చిన శోధన అని తర్వాత గ్రహించింది.

1554లో, ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, మఠంలో జరగబోయే ఏదో పండుగ కోసం తెచ్చిన స్వరూపం ఒకటి ప్రార్థనాలయంలో ఉంది. ఒళ్ళంతా గాయాలతో ఉన్న క్రీస్తు స్వరూపం. అటుగా వెళ్తూ చూసింది. అంతకుముందు ఎన్నిసార్లు సిలువను చూసి ఉంటుందో! ఆ రోజు మాత్రం ఆ గాయాలు ఎవరి కోసమో ఆమెకు తగిలింది. ఆయన ముందు పడిపోయి, నాకు బలం ఇచ్చేదాకా ఇక్కణ్ణించి లేవనని పట్టుపట్టింది. దాదాపు అదే కాలంలో పునీత అగస్తీనువారి ఆత్మకథ ఆమె చేతికి వచ్చింది. మిలాను తోటలో అగస్తీను మనసు తిరిగిన ఘట్టం చదివితే, ఆ పిలుపు తనకే వినపడినట్లయిందని రాసుకుంది.

గమనించండి. ఆ రోజు ఆమెకు కొత్త సిద్ధాంతం ఏదీ తెలియలేదు. క్రీస్తు పాటుల గురించి పసితనం నుంచి తెలుసు. మారింది ఆమె నిలబడిన చోటు. అప్పటిదాకా చూసేదిగా ఉన్న ఆమె, ఆ రోజు చూడబడేది అయింది. ఆ తర్వాతే ప్రార్థన అంటే ఏమిటో ఆమె రాయగలిగింది. మనల్ని ప్రేమిస్తున్నాడని మనకు తెలిసినవాడితో, తరచుగా, ఒంటరిగా చేసే స్నేహ సంభాషణే ప్రార్థన అన్నది ఆమె చెప్పిన మాటల సారం. స్నేహం అనే మాటకు సంస్కృతంలో నూనె అనే అర్థం కూడా ఉంది. మందసం ముందు దీపాన్ని చూసినప్పుడల్లా నాకు ఈ రెండర్థాలూ కలిసి గుర్తొస్తాయి. ఒక రోజు నిండుగా పోసి వదిలేస్తే ఆ దీపం నిలవదు. రోజూ ఇంత పోస్తుండాలి.

1970 సెప్టెంబరు 27న 6వ పౌలు పోపుగారు తెరేజమ్మను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. స్త్రీలలో ఆ గౌరవం అందుకున్న మొదటి వ్యక్తి ఆమె. వారం తర్వాత సియన్నా పునీత కతరీనమ్మకు ఆ గౌరవం దక్కింది. పాఠశాలల్లో వేదశాస్త్రం చదవని ఒక స్త్రీ శ్రీసభ మొత్తానికి పాఠం చెప్పగల పండితురాలైంది. ఆమె బోధించిన శాస్త్రం స్నేహం.

వల్లె వేసిన జపం అడ్డమా?

నన్ను చాలామంది యువకులు అడుగుతుంటారు. “మనవాళ్ళు జపమాల తిప్పుతూ అవే మాటలు యాభైసార్లు చెబుతారు. పూజలో రాసిపెట్టినవే చదువుతారు. ఇందులో సొంతంగా దేవుణ్ణి ఎరగడం ఎక్కడుంది?” అని. నిజాయితీగా అడిగే ప్రశ్న. దీన్ని గౌరవించాలి.

తెరేజమ్మ ఈ ప్రశ్నను ఎదుర్కొంది. తన సోదరీమణుల కోసం రాసిన ‘పరిపూర్ణతా మార్గం’లో ఒక పెద్దావిడ సంగతి చెబుతుంది. ఆ కన్యస్త్రీకి నోటితో జపాలు చెప్పడం తప్ప ధ్యానమంటే ఏమిటో తెలియదు. తనకు ధ్యానం చేతకాదని తెరేజమ్మ దగ్గరికి వచ్చి బాధపడింది. ఏం జపం చేస్తావని అడిగితే పరలోక జపం అంది. ఆమె మాటలు వినేకొద్దీ తెరేజమ్మకు అర్థమయింది: పరలోక జపాన్నే పట్టుకుని ఆ పెద్దావిడ ధ్యానపు శిఖరం దాకా వెళ్ళిపోయింది, వెళ్ళిన సంగతి ఆమెకే తెలియదు. తెరేజమ్మ ఆమెను చూసి అసూయపడ్డానని రాసింది.

కాబట్టి మాటలు మనవా, పెద్దలిచ్చినవా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరితో మాట్లాడుతున్నానన్న స్పృహ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ స్పృహ లేకపోతే పెదవులు ఎంత కదిలినా దాన్ని ప్రార్థన అననని ఆమె ‘అంతరంగ దుర్గం’ గ్రంథం మొదట్లోనే తేల్చి చెప్పింది. ఆ స్పృహ ఉంటే మంగళవార్త జపం యాభయ్యోసారి కూడా పాతబడదు. చంటిబిడ్డ ‘అమ్మా’ అని రోజుకు వందసార్లు పిలుస్తుంది. మాటలు అయిపోయి కాదు, అమ్మ ఉంది కాబట్టి.

నేను చిన్నప్పుడు పూజలో పీఠం దగ్గర సాయం చేసినవాణ్ణి. అప్పుడు పూజ లాటిన్‌లో. అర్థం తెలియకుండానే జవాబులు గడగడా చెప్పేవాణ్ణి. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవారాధన మీద తన పత్రాన్ని వెలువరించింది. ఆ తర్వాత కొన్నేళ్ళలో పూజ తెలుగులోకి వచ్చింది. గురువుగారు ప్రజల వైపు తిరిగి తెలుగులో మొదటిసారి పలికిన రోజు, ఉపదేశి గారు చెక్కిళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నలభై ఏళ్ళుగా ఆయన మాట్లాడుతున్నది ఆ ప్రభువుతోనే. ఆయన భాషలో ఊరంతా మాట్లాడటం ఆ రోజే విన్నారు.

నాలుగు రకాల నీళ్ళు

తెరేజమ్మ తన జీవితకథలో ఆత్మను తోటతో పోల్చింది. తోటకు నీళ్ళు పెట్టడంలో నాలుగు పద్ధతులున్నాయంది. బావిలోంచి చేదతో తోడి పోయడం మొదటిది, కష్టం ఎక్కువ, నీళ్ళు తక్కువ. చక్రానికి కుండలు కట్టి తిప్పడం రెండోది. ఏరో కాలువో పారించుకోవడం మూడోది. నాలుగోది వాన. దాంట్లో తోటమాలి చేసే పనే లేదు, దేవుడే తడుపుతాడు.

కాస్టిల్ మెట్ట నేలలో పుట్టిన ఈ పోలిక పల్నాటివాళ్ళకు ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు. మా తాత ఎద్దుల్ని కట్టి మోట తోలేవాడు. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండెక్కేసరికి నాలుగు మడులు తడిసేవి. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు మా పొలాల దాకా చేరిన రోజు మా నాన్న కాలువలో దిగి దోసిలి పట్టడం నాకు గుర్తుంది. అయితే కాలువ వచ్చిందని ఎవరూ చేను దున్నడం మానలేదు. మడి గట్టు కట్టని చేలో కాలువ నీళ్ళూ నిలవవు, వాన నీళ్ళూ నిలవవు.

తెరేజమ్మ చెప్పదలచింది ఇదే. మొదట్లో ప్రార్థన మోట తోలడమే. చేద దించితే కొన్నిసార్లు అడుగున బురదే తగులుతుంది. ఆ రోజున కూడా దించడం మానకూడదు. తోట యజమాని సంతోషం కోసం వచ్చాం కానీ మన సంతోషం కోసం రాలేదు. వాన ఎప్పుడు పంపాలో ఆయనకు తెలుసు.

ఈ మోట తోలడానికి శ్రీసభ మనకు తాళ్ళూ బొక్కెనలూ ఎన్నో ఇచ్చింది. పన్నెండో శతాబ్దంలో గీగో అనే కర్తూసియన్ మఠవాసి పవిత్ర గ్రంథ పఠనానికి నాలుగు మెట్లు చెప్పారు: చదవడం, నెమరు వేయడం, ప్రార్థించడం, మౌనంగా నిలవడం. లొయోలా పునీత ఇన్యాసివారు 1521లో పంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి మంచాన పడ్డప్పుడు క్రీస్తు జీవితం చదివి మారిన మనిషి. ఆయన ‘ఆత్మ సాధనలు’ నేర్పే పద్ధతి సరళమైనది. సువిశేషంలోని ఒక ఘట్టాన్ని కళ్ళ ముందు పెట్టుకో, నువ్వూ అందులో ఒక మూల నిలబడు, చివర్లో స్నేహితుడు స్నేహితుడితో మాట్లాడినట్లు ప్రభువుతో మాట్లాడు. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజంతా ఆయనతో కలిసి వెనక్కి తిరిగి చూసుకో. ఉపదేశి గారు ఇన్యాసివారి పుస్తకం చదివారో లేదో నేను ఎరగను. ఆయన చిట్టా చదివింది మాత్రం సరిగ్గా ఈ పనే.

ఆయనకు ముఖం ఉంది

ప్రార్థనలో ముందుకు పోయినవాళ్ళు క్రీస్తు మానవ రూపాన్ని కూడా వదిలి, రూపం లేని దైవత్వంలో లీనం కావాలని తెరేజమ్మ కాలంలో కొందరు బోధించారు. కొంతకాలం ఆమె కూడా ఆ దారి పట్టింది. తర్వాత జీవితాంతం దానికి పశ్చాత్తాపపడింది. ఆకలి వేసిన, అలసి బావి గట్టున కూర్చున్న, స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చిన ఆ యేసును విడిచిపెట్టి వెళ్ళే మెట్టు ఏదీ పైన లేదని ఆమె గట్టిగా రాసింది.

కతోలికులకు దేవుణ్ణి ఎరగడం అంటే అందుకే గాలిలో వెతుకులాట కాదు. తినే అప్పంలో ఆయన వస్తాడు. తల మీద పోసే నీళ్ళలో, నుదుట రాసే తైలంలో వస్తాడు. పాపసంకీర్తనంలో మోకరించినప్పుడు ఒక మనిషి గొంతులోంచి ఆయన క్షమాపణ మన చెవికి వినపడుతుంది. అక్కడ ‘మనుషులందరూ పాపులే’ అంటే చెల్లదు. ‘నేను’ అని మొదలుపెట్టాలి. ‘నేను’ అని నిజం చెప్పుకోలేనివాడు ‘నీవు’ అని నిజంగా పిలవలేడు. నా అనుభవంలో ఈ రెండు మాటలూ ఒకేసారి నోటికి వస్తాయి.

16వ బెనెడిక్ట్ పోపుగారు 2005 క్రిస్మస్ నాడు సంతకం చేసిన తన మొదటి విశ్వలేఖ ఆరంభంలోనే, క్రైస్తవం ఒక నీతి నిర్ణయంతోనో గొప్ప ఆలోచనతోనో మొదలు కాదనీ, ఒక వ్యక్తి ఎదురుపడటంతో మొదలవుతుందనీ బోధించారు. పునరుత్థానం నాటి ఉదయం మగ్దల మరియమ్మకు జరిగింది అదే. ఎదురుగా నిలబడ్డవాణ్ణి తోటమాలి అనుకుంది. ఆయన వివరాలేమీ చెప్పలేదు, రుజువులేమీ చూపలేదు. పేరు పెట్టి పిలిచాడు. ఆ ఒక్క పిలుపుతో ఆమె ఎరిగింది.

చీకటి పడినప్పుడు

ఇంతవరకూ చెప్పి ఆపితే మీకు సగమే చెప్పినవాణ్ణవుతాను. ఎరిగినవాడు కనపడకుండా పోయే కాలం ఒకటి వస్తుంది.

లిసియు చిన్న తెరేజమ్మ 1896 ఈస్టరు రోజుల్లో గాఢమైన చీకటిలోకి వెళ్ళింది. పరలోకం ఉందన్న ఆనందమే ఆమెకు అందకుండా పోయింది. 1897 సెప్టెంబరు 30న, ఇరవై నాలుగేళ్ళకు చనిపోయేదాకా ఆ చీకటి విడలేదు. ఆమె పేరు పెట్టుకున్న కోల్‌కతా మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక, ఆమె కూడా ఏళ్ళ తరబడి అలాంటి శూన్యాన్నే మోసిందని లోకానికి తెలిసింది. ఆ శూన్యంలోంచి కూడా వాళ్ళు ఆయన్నే ‘నీవు’ అని పిలిచారు. వెలుగులో ఎరిగినవాణ్ణి చీకట్లో కాదనలేదు.

నా సంగతీ ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట నా భార్య చనిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు నేను దేవుడితో మాట్లాడలేకపోయాను. ఆయన గురించి మాట్లాడగలిగాను. ఓదార్పుకు వచ్చినవాళ్ళకు నేనే ఎదురు ఓదార్పు చెప్పాను. ‘నీవు’ అనే మాట మాత్రం గొంతు దాటి రాలేదు. రాత్రి పిల్లలు జపమాల చెబుతుంటే వాళ్ళ వెనక గోడకు ఆనుకుని పెదవులు కదిపాను. ఆ రోజుల్లో నన్ను మోసింది ఆ వల్లె వేసిన మాటలే. నా సొంత మాటలు ఎండిపోయినప్పుడు శ్రీసభ తన మాటలు నాకు అప్పిచ్చింది.

ఒక సాయంత్రం బీరువా సర్దుతుంటే ఆమె ఇంటి ఖర్చుల పుస్తకం దొరికింది. పాలు, బియ్యం, మందులు, గుడికి కానుక, పక్కింటి పిల్ల పుస్తకాలకు ఇచ్చిన యాభై రూపాయలు, అన్నీ ఆమె చేతిరాత. ఎందుకో దాన్ని చంకలో పెట్టుకుని గుడికి వెళ్ళాను. ఎవరూ లేరు. నేల మీద కూర్చుని మొదటి పేజీ నుంచి పైకే చదవడం మొదలుపెట్టాను. ఆమె చివరగా రాసిన పంక్తి మందుల లెక్క. కూడిక సగంలో ఆగిపోయింది. అక్కడ నా గొంతు కూడా ఆగింది. “నీకు తెలుసుగా” అన్నాను. అన్నాక గానీ ఎవరితో అన్నానో నాకు తెలియలేదు. ఆ పూట దర్శనమేదీ కలగలేదు, జవాబేదీ వినపడలేదు. కానీ చెప్పుకోవడానికి ఎదుట ఒకరున్నారు. అంతకంటే నాకు ఆ పూట కావలసింది లేదు.

నిజమా, భ్రమా?

దేవుడితో మాట్లాడుతున్నానని మనిషి తనతో తానే మాట్లాడుకోవచ్చు కదా? తెరేజమ్మకు ఈ భయం చాలా ఉండేది. అందుకే తన అనుభవాలను దాచుకోలేదు. పాపసంకీర్తన గురువుల ముందు, అల్కాంతరా పునీత పేతురు వంటి అనుభవజ్ఞుల ముందు విప్పి పెట్టింది. చనిపోయేటప్పుడు కూడా తాను శ్రీసభ బిడ్డనని తృప్తిగా చెప్పుకుంది. ఒంటరిగా ఎరిగినదాన్ని నలుగురిలో సరిచూసుకోవాలి. విచారణ, గురువు, తోటి విశ్వాసులు మన స్నేహానికి సాక్షులు.

ఇంకా గట్టి పరీక్ష ఆమె 1577లో రాసిన ‘అంతరంగ దుర్గం’లో ఉంది. ఏడు మందిరాలు దాటి లోపలి రాజు దగ్గరికి చేరాక ఆత్మ అక్కడే కళ్ళు మూసుకుని కూర్చోదు. మార్తమ్మ, మరియమ్మ ఇద్దరూ కలిసి ప్రభువుకు ఆతిథ్యం ఇవ్వాలంటుంది ఆమె. ఆ స్నేహం పనులకు జన్మనివ్వాలి. అలా రాసిన మనిషే ఎద్దుబండ్లలో, ఎండల్లో, వరదల్లో ప్రయాణిస్తూ పదిహేడు మఠాలు నెలకొల్పింది. వంటింట్లో గిన్నెల మధ్య కూడా ప్రభువు తిరుగుతుంటాడని సోదరీమణులకు ధైర్యం చెప్పింది. 1582 అక్టోబరు 4న ఆల్బా పట్టణంలో కన్నుమూసే నాటికి కూడా ఆమె ఒక ప్రయాణం మధ్యలోనే ఉంది.

ఉపదేశి గారి విషయంలో నేను దీన్ని కళ్ళారా చూశాను. చిట్టా చదివిన మర్నాడు పొద్దున్నే ఆయన సైకిలు చివరింటికే వెళ్ళేది, జ్వరం మందు పట్టుకుని. తలుపేసుకున్న ఇంటికీ వెళ్ళేది. ఎన్నో ఏళ్ళకు ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంటాయన మనవడు ఇవాళ ఈ సభలో ఉన్నాడు.

ముగింపు

మిత్రులారా, మీకు ఇంటికి తీసుకెళ్ళడానికి నేను పెద్ద సాధనలేమీ ఇవ్వడం లేదు. రేపు ఆదివారం. దివ్యబలిపూజలో ఎన్నోసార్లు ‘నీవు’, ‘నీ’, ‘నీకు’ అంటాం. అన్నిటి దగ్గరా మనసు నిలవదు, నాదీ నిలవదు. మొదటిసారి వచ్చే ఒక్కదాని దగ్గర ఆగండి. ఎవరితో అంటున్నానా అని ఒక్క క్షణం తలెత్తి చూడండి. అదే మీ మోట మొదటి చేద.

సాయంత్రం వీలుంటే గుడికి రండి. చేతిలో ఏది ఉంటే అది తెచ్చుకోండి. పొలం లెక్కలు కానివ్వండి, పిల్లల మార్కుల కాగితం కానివ్వండి, ఆసుపత్రి చీటీ కానివ్వండి. దీపం ముందు కూర్చుని చదివి వినిపించండి. ఉపదేశి గారు మనకు వదిలి వెళ్ళిన జ్ఞానోపదేశంలో చివరి పాఠం అదే. పుస్తకంలో లేని ఆ పాఠాన్ని చీపురు పట్టుకున్న ఒక పిల్లవాడు తలుపు చాటు నుంచి విన్నాడు. ఇన్నేళ్ళకు మీకు అప్పగించాడు.